రామగిరి మీద పడుగు

మమతారాణి బాపుకు బాలలక్ష్మి నమస్కరించి రాయునది.

సుల్తానాబాద్‌లో మేమంతా బాగున్నాం. భీవండిలో మీరూ వేళకు తింటూ బాగున్నారనే అనుకుంటాను. సాంచాల మోతలో, ఆ మరమగ్గాల మధ్య, ఫోన్ మాట వినపడదంటారు కనుక తీరిగ్గా కాగితం మీదే రాస్తున్నాను. మీరడిగినట్టు వెనుక గది రేకులు మార్పించాను, ఇప్పుడు కురవడం లేదు. మమత పరీక్షలు బాగా రాసింది. మామిడికాయ తొక్కు భీవండికి తిరిగి వస్తున్న పరశురాములు చేతికిచ్చి పంపాను. దారిలో అతను మూత తీస్తే నాకు సంబంధం లేదు.

ఇక మీ అవ్వ సంగతి. తుంటి విరిగి అతికినప్పటి నుంచి అత్తమ్మను గడప దాటనివ్వొద్దని ప్రతి ఉత్తరంలో రాస్తున్నారు. నేనూ దాటనివ్వలేదు. మంచంలో కూర్చుని గోడకేసి చూసేది. పెట్టిన అన్నం సగం వదిలేసేది. శ్రావణం రాగానే ఒక్క మాట అంది. "ఏటేటా శ్రావణంల రామగిరి గుట్ట ఎక్కినదాన్ని. గీ యేడు ఎక్కకుంటే ఇగ నన్ను మంచానికే రాసిచ్చినట్టు, బాలలక్ష్మీ."

కోపం తెచ్చుకోకుండా చదవండి. మొన్న ఆదివారం ఆమెను రామగిరికి తీసుకుపోయాను. డాక్టరమ్మను అడిగే వెళ్లాను, మెల్లగా నడిస్తే మంచిదే అంది. అడగనిది మిమ్మల్నే.

హైదరాబాద్ నుంచి వచ్చిన పడుచు పిల్లలు వీపున సంచులతో గుట్టంతా నిండి ఉన్నారు. మొదట బాగానే నడిచాం. నిటారు దారి రాగానే అత్తమ్మ ఆగిపోయింది. ముఖం నల్లబడింది. ఈమెకేమైనా అయితే మీకు ముఖమెలా చూపించను? "దిగుదాం అత్తమ్మా, గింత దాక వచ్చినం, చాలు" అని చెయ్యి పట్టుకున్నాను.

ఆమె విడిపించుకుంది. బాట ఎడమ అంచుకు నడిచింది. అక్కడి నుంచి కొంచెం మీదికి, కుడి అంచుకు. మళ్లీ ఎడమకు.

"గదేం నడక అత్తమ్మా?"

"పడుగు పోస్తున్న. మగ్గానికని వాడకట్టుల కర్రలు పాతి, నూలు పట్టుకొని గీ కొసకెల్లి గా కొసకు పొద్దంత నడిచేదాన్ని. ఎన్నడన్న దమ్మొచ్చిందా? నిటారుగ పోతెనే దమ్మొస్తది. జర జరుగు, అడ్డమున్నవ్."

కొందరు పిల్లలు నవ్వారు. తిరుమల అనే అమ్మాయి మాత్రం ఆయాసపడుతూ మా వెనుకే అడ్డం నడక మొదలుపెట్టింది. ఆమె వెనుక ఆమె స్నేహితులు. అట్లా పడుగు పోసుకుంటూ, ఆగుతూ, నీళ్లు తాగుతూ కోట గోడ దాకా చేరాం!

అత్తమ్మ బండ మీద నిలబడి కొంగు నడుముకు చుట్టింది. "మా కొడుక్కు రాయి! ఎక్కిన్నని రాయి! పెద్ద పెద్ద అక్షరాలతోటి రాయి!" అని అరిచింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను. కట్టుకుపోయిన సద్ది మొత్తం ఆమే తినేసింది, నాకు మిగిలింది ఉల్లిగడ్డ.

రాయనా వద్దా అని ఇంతసేపు ఆగిన మాట ఒకటుంది. దిగేటప్పుడు కాలు జారింది నాకు. రెక్క పట్టుకుని ఆపింది అత్తమ్మ. ఆమెను కాపాడమని మీరు నన్ను పెట్టారు, చివరికి ఆమే నన్ను క్షేమంగా ఇల్లు చేర్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వాడకట్టు చివరిదాకా ఒక్కతే పోయి వస్తోంది. ఇక ఆమెను గడప దాటనివ్వొద్దని రాయకండి. రాసినా, ఆ ముక్క నేను ఆమెకు చదివి వినిపించను.

ఇట్లు,
కమలవ్వ కోడలు
బాలలక్ష్మి