నడిమి గోడలు తీసేశాక

జూన్ 1, ఆదివారం. ఉదయం 6.40

నిర్ణయం అయిపోయింది! మూడో బిడ్డ రావడానికి ఇంకా పది వారాలు. మనుషులు పెరుగుతున్నారు, ఇల్లు పెరగదు. కాబట్టి ఇంటినే మార్చేస్తాను. హాలుకూ వంటింటికీ మధ్య గోడ, హాలుకూ పెద్దమ్మాయి గదికీ మధ్య గోడ, రెండూ మాయం! మిగిలేది ఒకటే విశాలమైన చోటు. సామానంతా చక్రాల మీద. పొద్దున భోజనశాల, మధ్యాహ్నం పాఠశాల, సాయంత్రం ఆటస్థలం. నెలాఖరుకల్లా పూర్తి.

పదిహేనేళ్లుగా ఊళ్లకు ఊళ్ల పటాలే గీసే ఆఫీసులో పని చేస్తున్నాను. నాలుగు గదులు నాకొక లెక్కా?

7.15. మా ఆవిడకు ప్లాను చూపించాను.

"మరి పెద్దది ఎక్కడ చదువుకుంటుందండీ?"

"ఎక్కడ కావాలంటే అక్కడ!"

ప్లాను మడిచి కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఒప్పుకున్నట్టే. మా పడకగది గోడకు మాత్రం మినహాయింపు ఇచ్చాను. ఆవిడ చూపు చూశాక తీసుకున్న సాంకేతిక నిర్ణయం అది.

జూన్ 2, సోమవారం

మేస్త్రీ వచ్చాడు. డాక్టరు రోగి వీపు తట్టినట్టు గోడలు తట్టి చూశాడు. బరువు మోసేవి కావట. నిక్షేపంగా తీసెయ్యొచ్చట.

"తీసెయ్యడం పూట పని సార్. మళ్లీ కట్టాలంటే మాత్రం వారం పడుద్ది."

"మళ్లీ ఎందుకు కట్టిస్తానయ్యా?"

"అందరూ అదే అంటారు సార్."

ముందుచూపు లేని మనిషి.

జూన్ 4, బుధవారం

గోడలు పోయాయి! వెలుతురే వెలుతురు! వీధి తలుపు దగ్గర నిలబడితే వంటింటి కిటికీ దాకా కనబడుతోంది. మా రెండోవాడికి నాలుగేళ్లు. సుడిగాలి అని పిలుస్తాం, ఆ పేరు ఊరికే రాలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నలభై సార్లు పరిగెత్తాడు. పదకొండేళ్ల పెద్దమ్మాయి తన గది ఉన్న చోట నిలబడి, తలుపు ఉండే వైపే చూస్తోంది. ఆనందంతో కళ్లు తిప్పుకోలేకపోతోందేమో.

జూన్ 7, శనివారం

సామాను దిగింది. మడిస్తే రాతబల్ల అయ్యే భోజనాల బల్ల. తిప్పితే అడ్డు అయ్యే పుస్తకాల అర. లాగితే మంచం అయ్యే సోఫా. నిలువెత్తు బట్టల బీరువా. అన్నింటికీ చక్రాలే!

అత్తగారు కూడా దిగారు. పురుడు అయ్యేదాకా ఉంటారు.

"కూర్చోండి అత్తయ్యగారూ."

కూర్చున్నారు. సోఫా ఆవిడతో సహా వంటింట్లోకి వెళ్లింది.

"బాగుంది బాబూ. నడిచే పని లేదు," అన్నారు.

మెచ్చుకున్నారు! నవ్వలేదు గానీ, మెచ్చుకున్నారు.

చక్రాలకు తాళాలుంటాయట. వెయ్యాలట.

జూన్ 11, బుధవారం

చిన్న చిన్న సర్దుబాట్లు తప్పవు. పొయ్యి మీద మిరపకాయలు వేగితే ఐదుగురం ఒకేసారి తుమ్ముతున్నాం. ఐకమత్యం అంటే ఇదే.

11.00. ఈరోజు ఇంటి నుంచే పని. మా ఆఫీసరుతో ఫోనులో ముఖ్యమైన చర్చ. సరిగ్గా అప్పుడే స్నానాల గదిలోంచి సుడిగాలి కేక: "నాకు అయిపోయిందీ! ఎవరైనా రండీ!"

ఆఫీసరు "మీరు వెళ్లి చూసుకుని రండి," అన్నారు.

జూన్ 14, శనివారం

పెద్దమ్మాయి మంచం చుట్టూ తెర కట్టాను. ఇది గోడ కాదు. గుడ్డ. నిర్ణయం చెక్కుచెదరలేదు.

జూన్ 16, సోమవారం

తెరను సుడిగాలి ఊయల చేసుకున్నాడు. కడ్డీతో సహా ఊడింది. పుస్తకాల అర అడ్డం పెట్టాను. ఇదీ గోడ కాదు, పుస్తకాలున్నాయి కదా!

సాయంత్రం. అరను బండి చేసుకుని తోసుకుపోయాడు.

జూన్ 19, గురువారం

పెద్దమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. ధ్యాస ఉంటే ఎక్కడైనా చదువుకోవచ్చని హితబోధ చేశాను. రెండుసార్లు చెప్పాను, మిక్సీ చప్పుడుకు మొదటిసారి వినబడలేదు.

జూన్ 21, శనివారం. సాయంత్రం 5.20

పెద్దమ్మాయి కనబడటం లేదు. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. మా పడకగదిలో, స్నానాల గదిలో చూశాను. ఇంట్లో దాక్కునే చోటు ఇంకొక్కటైనా లేదు, అలా నేనే చేశాను. అంటే బయటికి వెళ్లినట్టే.

6.50. రాసేస్తే మనసు కుదుటపడుతుందేమో.

స్నేహితురాలి ఇల్లు, పుస్తకాల కొట్టు, బస్టాపు, అన్నిచోట్లా వెతికాను. లేదు. తిరిగి వచ్చేసరికి మా ఆవిడ ఎనిమిదో నెల పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడి ఉంది. అత్తగారు మాత్రం తిన్నగా బట్టల బీరువా దగ్గరికి వెళ్లి, తలుపు మీద మెల్లగా తట్టారు. ఈ ఇంట్లో ఎవరైనా తలుపు తట్టి రెండు వారాలు దాటింది.

"నేనమ్మా, అమ్మమ్మని. రావచ్చా?"

లోపల పెద్దమ్మాయి. వేలాడే చొక్కాల కింద ముడుచుకుని, ఒళ్లో లెక్కల పుస్తకం, చేతిలో టార్చిలైటు. గాలి కోసం తలుపు సందులో పెన్సిలు పెట్టుకుంది. ఒళ్లంతా చెమట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంతలా పిలుస్తుంటే పలకవేమే?" అన్నాను.

"పలికితే బయటికి రావాలి కదా నాన్నా. నాకు తలుపున్న చోటు ఇదొక్కటే."

బీరువా చక్రాలకు తాళాలు వేసి, అక్కడే కింద కూర్చున్నాను.

జూన్ 22, ఆదివారం

మేస్త్రీకి ఫోను చేశాను.

"ఎన్ని గోడలు సార్?"

"రెండూ. పిల్ల గదికి తలుపు కూడా. గొళ్లెం లోపలివైపు, దాని చేతికి అందే ఎత్తులో."

మేస్త్రీ నవ్వలేదు. ఫోను దూరంగా పట్టుకుని నవ్వాడేమో తెలియదు.

జూన్ 30, సోమవారం

గోడలు లేచాయి. తలుపు పెట్టారు. పెద్దమ్మాయి లోపలికి వెళ్లి గొళ్లెం వేసుకుంది. తీసింది. మళ్లీ వేసుకుంది. పావుగంట తర్వాత తల బయటికి పెట్టింది.

"అమ్మా, బుజ్జిపాప ఉయ్యాల నా గదిలో పెట్టుకోవచ్చు. కానీ అందరూ తలుపు కొట్టి రావాలి. నాన్న కూడా."

"కొడతాను," అన్నాను.

జూలై 1, మంగళవారం. ఉదయం 6.40

దొరికింది! ఇన్నాళ్లూ నేల వైపు చూడటమే పొరపాటు. పైన, మనిషి తలకూ పైకప్పుకూ మధ్య, ఎంత జాగా వృథాగా పడి ఉంది! తాళ్లు, కప్పీలు చాలు. పగలు మంచాలు పైకి, రాత్రి కిందికి. గోడల జోలికి పోనే పోను. నెలాఖరుకల్లా పూర్తి!

7.10. మా ఆవిడ వెనక నుంచి తొంగి చూసింది.

"ఏంటండీ అది?"

"ఏం లేదు, ఆఫీసు పటం."

"ఆఫీసు పటంలో మా అమ్మ గాల్లో వేలాడుతోందేం?"