మగ్గం దగ్గర రెండో చోటు

జూన్ 14, శనివారం

నేను అచ్చు వేయించిన కరపత్రాలు వచ్చాయి. రెండుసార్లు చదివాను. కులం గురించి, ఆడా ఆడా, మగా మగా ప్రేమించుకోవడం గురించి ఊరు నోరు విప్పి మాట్లాడుకోవాలి— మాట్లాడకపోవడం పిరికితనం! రేపే కమ్యూనిటీ హాల్లో నేను పెడుతున్న మీటింగు. చిన్నమ్మకు చెప్పాను. మగ్గం మీద నాడె విసరడం ఆపకుండానే విన్నది. పక్కన నేస్తున్న మేరక్క మాత్రం నవ్వింది— "వస్తాంలేరా, ముందు వరసలోనే కూచ్చుంటాం."

వాళ్ళ మగ్గం మీద పెద్ద అంచు చీర. ఒక్కరితో అయ్యే నేత కాదు; అంచు నాడె వేయడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. మేరక్క పొద్దున్నే ఎస్సీ కాలనీ నుంచి వచ్చి చిన్నమ్మ పక్కన కూర్చుంటుంది. నేను బడికి పోయే రోజుల నుంచీ అంతే. ఒకే పళ్ళెంలో తింటారు. ఊరు "జోడీ" అంటుంది. అక్కడితో ఆగుతుంది.

జూన్ 15

ఏం రాయను...

జూన్ 16

నిన్నటి మీటింగులో కులం దగ్గర అందరూ మంచివాళ్ళే. "ఇప్పుడు యాడుండాదప్పా కులం?"— చప్పట్లు. ఒళ్ళు మండింది. రెండో మాట ఎత్తాను. చిన్నమ్మకు పట్టు ఇచ్చే షావుకారు నవ్వాడు. "అట్లాంటివి బెంగుళూర్లో ఉంటాయప్పా. మన ఊర్లో యాడుండాయి?"

"ఉన్నాయి! మన కళ్ళ ముందే ఉన్నాయి!" అని అరిచాను.

పేరు చెప్పలేదు. ఒక్క పేరూ చెప్పలేదు.

హాలంతా ముందు వరస వైపు తిరిగింది.

వెనకనుంచి ఎవరో ఆడమనిషి— "ఓహో! కాలనీది దినామూ నేతకే వస్తాందనుకుంటిమి..." నవ్వులు.

జూన్ 18

మేరక్క రావడం లేదు. కాలనీకి పోయాను. వాళ్ళన్న గుమ్మంలోనే ఆపాడు. "నీ న్యాయం నీ కాడనే పెట్టుకోప్పా. మా చెల్లెలు ఈ ఊర్లోనే బతకల్ల."

లోపల దగ్గు వినిపించింది. ఆమెదే.

జూన్ 19

మబ్బు పట్టింది. వాన పడలేదు.

జూన్ 21

షావుకారు మనిషి వచ్చాడు. "ఇంకొకర్ని పెట్టుకోమ్మా. లేదంటే మగ్గం మీద పడుగు తీసుకపోతాం."

చిన్నమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

మేరక్కతో నేను మాట్లాడతానన్నాను.

"ఏం మాట్లాడతావురా? మళ్ళా మీటింగు పెడతావా?"

పోనీ అంచు నేనే వేస్తా, నేర్పించు అని పక్కన కూర్చోబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ గాదు, కింద కూచ్చో."

నేల మీద కూర్చున్నాను. మేరక్క ఖాళీ చోటు మీదుగా చిన్నమ్మ వంగి అంచు నాడె అందుకోబోతోంది. అందదు. మళ్ళీ వంగుతుంది. వీధిలో చెప్పుల చప్పుడైనప్పుడల్లా చెయ్యి ఆగుతోంది...