పాప పాదం మీది సొట్ట

మార్చి తొమ్మిది, సోమవారం

అన్నయ్యా,

పొద్దున పోషకాహార కేంద్రంలో తూకం వేస్తే నీ కూతురు బరువు పెరిగింది! అమ్మ మురిసిపోయి, "చూశారా, నా మనవరాలు ఒళ్ళు చేసింది!" అని గదంతా వినిపించేలా చెప్పింది.

కేంద్రం టీచరు మాత్రం నవ్వలేదు. పాప పాదాన్ని బొటనవేలితో నొక్కి వదిలింది. సొట్ట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

"ఇది కండ కాదమ్మా, నీరు. సరైన తిండి లేక చేరింది. మేమిచ్చే పొడి పాపే తింటోందా?"

అమ్మేమో ఆ పొడితో ఇంటిల్లిపాదికీ జావ కాస్తోంది. వదిన అడిగితే, "ఒక్కదానికే వండుకుంటామా?" అంటుంది.

వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చమన్నారు. "బొద్దుగా ఉన్న పిల్లకి ఆసుపత్రేమిటే? చదివి చదివి నీకు మతి పోయింది!" అంటోంది అమ్మ. బొద్దు అన్న మాట నాకెంత ఇష్టమో నీకు తెలుసుగా. ఇప్పుడు వింటే భయమేస్తోంది.

సాయంత్రం నుంచి పాప ఏడవడం కూడా మానేసింది. బుద్ధిమంతురాలైందట.

నీ ఫోను కలవడం లేదు, అందుకే ఇది మీ లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికే రా. రేపు పొద్దున మొదటి బస్సుకి, అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడినా సరే, వదినా నేనూ పాపని తీసుకెళ్తున్నాం.

నీ చెల్లెలు