బుల్లి తాసిల్దారు గొంతు

కనిగిరి,
3 ఫిబ్రవరి 2025, సోమవారం.

ప్రియమైన స్తుతికి,

అమ్మమ్మ దీవెనలు. ప్రభువు కృపవల్ల ఇక్కడ నేను క్షేమం.

ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్ను మూడు వారాలు నోరు విప్పవద్దని గొంతు డాక్టరు చెప్పిందని శనివారం మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోను చేసింది. ఇక నేను నీకు ఫోను చేస్తే నేనొక్కదాన్నే మాట్లాడాలి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠం చెప్పి, మళ్లీ వాళ్లచేత చెప్పించుకున్నదాన్ని. ఒకవైపు మాట నాకు చేతకాదు. వాట్సాపులో నువ్వు పంపే ముక్కలకు ఒత్తులుండవు. కాబట్టి ఉత్తరాలు రాసుకుందాం. ఆర్టీసీ పార్సిలులో వేస్తే మర్నాటికి బ్రాడీపేట చేరుతుందని బస్టాండులో కనుక్కున్నాను.

నీ విషయం అప్పుడే వీధంతా పాకింది. నిన్న గుడి నుంచి వస్తుంటే ఎదురింటి పిచ్చమ్మ గోడ మీదుగా కేకేసింది.

"ఏం టీచరమ్మా, మనవరాలికి గొంతు పోయిందంటగా? సినిమాలో గంట మోగినట్టు మోగేదే! ఎవడి దిష్టి తగిలిందో!"

"ఆ గొంతు దానిది కాదు పిచ్చమ్మా. డబ్బింగు చెప్పినావిడది."

"కాదంటావేంది? నేను చూశాగా, నోరు కదిలింది గదా!"

పద్నాలుగేళ్లుగా ఇదే సంభాషణ. తొమ్మిదేళ్లప్పుడు నువ్వు వేసిన ఆ బుల్లి తాసిల్దారు వేషాన్ని, "సంతకం పెట్టి కదులు తాతా!" అన్న ఆ ఒక్క మాటను ఈ ఊరు ఇంకా వదలలేదు. ముఖం నీదనీ, గొంతు హైదరాబాదులో ఎవరో జాస్మిన్ అనే ఆవిడదనీ చెబితే, నేనేదో నీ సొత్తు కాజేస్తున్నట్టు చూస్తారు.

నువ్వు ఆడబోయే నాటిక పోటీలు మార్చి 29న అని గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టాను. డాక్టరు చెప్పిన గడువు ఈ నెల 22తో పూర్తయితే నీకింకా ముప్పై అయిదు రోజులు మిగులుతాయి. చాలు. పలక కొనుక్కో. గుసగుసగా మాట్లాడటం కూడా మాట్లాడటమే అని గుర్తుంచుకో. గొంతు పాడవడానికి కారణం డాక్టరు ఏం చెప్పిందో మీ అమ్మ సరిగా చెప్పలేదు. వివరంగా రాయి.

నీ క్షేమం కోరే
అమ్మమ్మ


గుంటూరు, బ్రాడీపేట,
7 ఫిబ్రవరి.

ప్రియమైన అమ్మమ్మకు,

వందనాలు. ఒత్తులన్నీ పెట్టి రాస్తున్నాను, ఎర్ర ఇంకు తీయకు.

పలక కొన్నాను. నిన్న ఆటో ఎక్కి "అరండల్‌పేట" అని రాసి చూపిస్తే, ఆటో ఆయన అద్దంలో నన్ను అయిదు నిమిషాలు చూసి, "మీరు ఆ బుల్లి తాసిల్దారు గదండీ! ఒక్కసారి అనండమ్మా, మా పాపకి వినిపిస్తా" అని ఫోను తీశాడు. గొంతు చూపించి చెయ్యి ఊపాను. "అయ్యో, మూగదైపోయిందా పాపం" అని బాధపడి, మెల్లగా తీసుకెళ్లి దించాడు.

కారణం అడిగావు. స్వరతంతువుల మీద చిన్న కాయలున్నాయట. డాక్టరు షిరీన్ గారు, "రిహార్సల్లో ఎలా మాట్లాడతావో ఒక్క వాక్యం చెప్పు" అన్నారు. చెప్పాను. "ఇప్పుడు ఇంట్లో అమ్మను పిలిచినట్టు పిలువు" అన్నారు. పిలిచాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "రెండోది నీ గొంతు. మొదటిది ఎవరిదమ్మా?" అన్నారు.

నాకు తెలుసు అమ్మమ్మా. జాస్మిన్ గారిది. కావాలని చేయలేదు. నాటికలో నాది మిరప కోల్డ్ స్టోరేజీలో పనిచేసే తల్లి పాత్ర. నలభై ఏళ్ల మనిషి. అయినా స్టేజీ మీద లైటు పడగానే నా పీక దానంతటదే సన్నబడిపోతుంది. జనానికి నేనంటే ఆ గొంతే కదా. నా బొంగురు గొంతు ఎత్తితే, 'ఈవిడెవరు?' అంటారని భయం.

నాటిక వేయిస్తున్న అంకమ్మరావు మాస్టారు రిహార్సల్లో అందరి ముందూ అరిచారు. "ఏంటమ్మాయ్ ఆ కీచుమనడం? ఇరవయ్యేళ్లు తొడిమలు తీసి ఘాటు పీల్చిన మనిషి అట్టా మాట్లాడిద్దా? నువ్వు తల్లివా, తప్పిపోయిన పిల్లవా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూములోకెళ్లి తలుపేసుకున్నాను.

ఇంకో సంగతి. హైదరాబాదు నుంచి చైతన్యకృష్ణ అని ఒక ప్రొడ్యూసరు వచ్చారు. బుల్లి తాసిల్దారు పెద్దదై నిజంగానే తాసిల్దారైతే ఎలా ఉంటుందనేది కథ. నేనే హీరోయిన్. గొంతు బాగాలేదని పలక మీద రాసి చూపించాను. "అదసలు సమస్యే కాదండీ. గొంతు మేం చూసుకుంటాం, మీరు ముఖం ఇవ్వండి చాలు" అన్నారు. మార్చి 20 నుంచి షూటింగు. ఒప్పుకుంటే నాటిక వదిలేయాలి. 24లోగా జవాబు చెప్పాలి.

పదమూడేళ్లకు పొడుగయ్యానని సినిమాలు ఆగిపోయాయి. మళ్లీ పిలుపు వస్తే ఎగిరి గంతేస్తాననుకున్నాను. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. సంతోషమో, అవమానమో కూడా తెలియడం లేదు. బహుశా ఆయన చెప్పిందే నిజమేమో. నాకున్నది ముఖమే ఏమో.

అందుకే ఒకటి అడుగుతున్నాను. అప్పట్లో డైరెక్టరు గారు నా గొంతు వద్దన్నప్పుడు సరిగ్గా ఏమన్నారు? బొంగురన్నారా, యాస అన్నారా, అసలు పనికిరాదన్నారా? బాగుచేసుకోగలిగిందైతే నాటికలో ఉంటాను. పనికిరాదని ఉంటే సినిమాకు సంతకం పెట్టేస్తాను. షూటింగు రోజులన్నీ నువ్వు పుస్తకంలో రాసిపెట్టావు కదా, నేను ఏ పూట ఎన్ని ఇడ్లీలు తిన్నానో కూడా. చూసి చెప్పు.

ప్రేమతో
స్తుతి


కనిగిరి,
11 ఫిబ్రవరి.

ప్రియమైన స్తుతికి,

దీవెనలు. నీ ఉత్తరం అందింది. 'స్వరతంతువులు' సరిగా రాశావు.

ఆ సంవత్సరం పుస్తకం కనబడలేదు. ఇన్నేళ్ల నాటి మాట ఇప్పుడెందుకు? డైరెక్టర్లు ఏదో అంటుంటారు. నువ్వు ఆవిరి పడుతున్నావా? డాక్టరు పట్టమంటేనే పట్టు, ఎవరో చెప్పారని పట్టకు.

సినిమా విషయం నీ ఇష్టం. నీకు ఇరవై నాలుగు వస్తున్నాయి.

ఇక్కడ ఎండ ముదురుతోంది. ఉంటాను.

అమ్మమ్మ


గుంటూరు,
14 ఫిబ్రవరి.

అమ్మమ్మకు,

నీ ఉత్తరం ఎనిమిది లైన్లుంది. నీ పుస్తకం కనబడకపోవడం ఏమిటి? మీ బడిలో సుద్దముక్క పోతే ఎవరి జేబులో ఉందో చెప్పేదానివి.

నువ్వు చెప్పకపోయేసరికి జాస్మిన్ గారి నంబరు సంపాదించి మెసేజి పెట్టాను. నా గొంతు గురించి అప్పుడు ఎవరేమన్నారో మీకు గుర్తుందా అని అడిగాను. ఆవిడ వాయిస్ మెసేజి పంపారు. ఇప్పుడు యాభై దాటాయట. ప్లే చేశాను. అద్దంలో నా బొమ్మ నాతో మాట్లాడినట్టు ఉంది. పదిసార్లు విని, ఆవిడ అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"నిన్నెవరూ వద్దనలేదు నాన్నా! మీ డైరెక్టరు నీకోసం నాలుగు రోజులు డబ్బింగు థియేటరు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు. మీ ఇంట్లోవాళ్లు పంపలేదని నన్ను పిలిచాడు. షూటింగులో రికార్డయిన నీ మాటలు నా చెవికి పెట్టి, 'ఈ పిల్ల ఎట్టా అంటే అట్టా అనమ్మా' అన్నాడు. నీ బొంగురు మాత్రం నాకు రాలేదు, సన్నగా చెప్పేశా. మిగతాదంతా నీ దగ్గర కొట్టేసిందే. ఆ 'కదులూ' అని లాగడం ఉంది చూడు, అది నాది కాదమ్మా. మా వైపు అట్టా అనరు."

ఇప్పుడు నాకేమీ అర్థం కావడం లేదు అమ్మమ్మా. ఆవిడ నన్ను విని ఆ గొంతు పట్టింది. నేను ఆవిడను విని నా గొంతు పాడుచేసుకున్నాను. నన్ను అనుకరించినావిడను నేను అనుకరిస్తూ బతికానా? సగం నాది, సగం ఆవిడది అయితే, అంకమ్మరావు మాస్టారు వద్దంటున్నది ఏ సగం? నిన్న ఆ సినిమా మళ్లీ పెట్టి కళ్లు మూసుకుని విన్నాను. ఒక మాట నాదనిపించింది. మళ్లీ వింటే కాదనిపించింది.

ఒక్కటి మాత్రం తెలియాలి. "మీ ఇంట్లోవాళ్లు పంపలేదు" అంటే ఎవరు? అమ్మకు అప్పుడు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. షూటింగుకు నాతో వచ్చింది నువ్వు. ఫోను ఉన్నది నీ దగ్గర.

పుస్తకం దొరికితే సరే. దొరకకపోతే పుస్తకం లేకుండానే రాయి.

స్తుతి


కనిగిరి,
17 ఫిబ్రవరి 2025, సోమవారం.

ప్రియమైన స్తుతీ,

నీ ఉత్తరం శనివారం పదకొండు గంటలకు చేరింది. ఆ సాయంత్రమే జవాబు రాశాను. చదువుకుంటే అందులో అన్నీ సాకులే ఉన్నాయి. చించేశాను. ఇది రెండోది. దీన్ని చించకుండా పంపాలని ఇప్పుడే, బస్సు పార్సిలు ఆఫీసు మూయకముందే రాస్తున్నాను.

పంపనిది నేనే.

పుస్తకం బీరువా పై అరలోనే ఉంది. ఎప్పుడూ పోలేదు. 2011 మార్చి 9, బుధవారం కింద ఇలా ఉంది: 'ఉదయం 7.40. డైరెక్టరు గారి ఫోను. డబ్బింగుకు పన్నెండు రోజులు పంపమన్నారు. వీలుకాదన్నాను.' అంతే రాశాను.

రాయనిది ఇది. ఆయన, "పాప గొంతే కావాలి టీచరమ్మా, ఆ బొంగురులోనే మజా ఉంది" అన్నారు. "పిల్ల ఇప్పటికే నలభై ఏడు రోజులు బడి మానిందండీ. నా బడిలో నా మనవరాలికి నేనే దొంగ హాజరు వేసి, కూలికెళ్లిన పిల్లకు గైర్హాజరు ఎలా వెయ్యను?" అన్నాను. నాలుగు రోజులు ఫోను చేశారు. నాలుగు రోజులూ అదే చెప్పాను.

నువ్వేమో సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నావు. "ఎప్పుడెళ్తాం అమ్మమ్మా, ఎప్పుడెళ్తాం" అని వేపుకుతిన్నావు. అయిదో రోజున బడికి వేళవుతోంది, నువ్వు కదలవు. "నీ గొంతు బాగాలేదంట, వేరేవాళ్లతో చెప్పించుకుంటారంట, లే" అన్నాను. నువ్వు ఏడవలేదు. లేచి వచ్చి జడ వేయించుకున్నావు. గొడవ తీరిందనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల, వారంలో మరిచిపోతుందనుకున్నాను.

ఆ ఏప్రిల్లో మట్టలాదివారం నాడు గుడిలో పాట పాడనన్నావు. పెద్దదవుతోంది, సిగ్గు వచ్చింది అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానో, అనుకున్నానని తర్వాత సర్దిచెప్పుకున్నానో ఇప్పుడు తెలియడం లేదు. ఆ తర్వాతి సినిమాలకు వాళ్లు నీ గొంతు అడగలేదు, నేనూ కదపలేదు.

రిజిస్టరులో అబద్ధం రాయనని నాలుగు రోజులు వాదించినదాన్ని, ఇంట్లో పిల్లకు ఒక్క నిమిషంలో అబద్ధం చెప్పాను. హాజరు విషయంలో నేను తప్పు చేశానని ఇప్పటికీ అనిపించడం లేదు. ఆ మాట విషయంలో తప్పు చేశాను. ఈ రెంటినీ విడదీయాలని మూడు రోజులుగా చూస్తున్నాను, విడిపోవడం లేదు. అప్పుడు పంపి ఉంటే నువ్వేమై ఉండేదానివో నాకు తెలియదు. తెలియదు అని రాయడం నాకు అలవాటు లేదు.

ఉండలేక పిచ్చమ్మకు చెప్పాను. ఆమె చేట కింద పెట్టి, "అయితే ఆ గొంతు పిల్లదేనని నేనంటుంటే పద్నాలుగేళ్లు నన్ను దద్దమ్మను చేశావా టీచరమ్మా!" అంది. మళ్లీ చేట ఎత్తుకుని, "పిల్లకు చెప్పావా?" అంది. లేదన్నాను. "మరి నాకెందుకు చెప్తన్నావు?" అని లోపలికెళ్లిపోయింది.

ఆ గొంతులో ఏ సగం ఎవరిదో నేను చెప్పలేను. నాకు తెలిసింది నువ్వు మాట్లాడటం నేర్చిన రోజుల నాటి గొంతు. అది బొంగురే. వీధి చివర నుంచి 'అమ్మమ్మా' అంటే బడిలో నల్లబల్ల దగ్గర నాకు వినబడేది. అది పనికిరాదని ఎవ్వరూ ఎప్పుడూ అనలేదు, నేను తప్ప.

క్షమించమని అడగడం తేలిక కాబట్టి ఈ ఉత్తరంలో అడగడం లేదు.

నీ అమ్మమ్మ,
రెబ్కా

ఇక జరగవలసినవి:

1. మీ అమ్మకు ఎల్లుండి డ్యూటీ లేదు. ఈ సంగతి ఆమెకు నేనే చెబుతాను. నువ్వు చెప్పే పని పెట్టుకోవద్దు.

2. 22వ తేదీ శనివారం ఉదయం డాక్టరుకు చూపించుకోవాలి. ఆమె సరేననేదాకా పలకే.

3. 24న సినిమావాళ్లకు ఏం చెప్పాలో నువ్వే చెప్పాలి. వాళ్లు నాకు ఫోను చేస్తే ఎత్తను.

4. నాటిక ఆడతావో మానతావో అంకమ్మరావు గారికి కూడా ఆ రోజే తేల్చి చెప్పాలి. మనుషుల్ని ఖాళీ గదిలో కాచుకోబెట్టడం నేను చేశాను, నువ్వు చేయకు.

5. నేను శనివారం మొదటి బస్సుకు బయల్దేరి ఆసుపత్రి మెట్ల దగ్గర కూర్చుంటాను. నువ్వు పిలిస్తే లోపలికి వస్తాను. పిలవకపోతే మూడు గంటల బస్సుకు తిరిగి వెళ్తాను, ఏమీ అనుకోను.

6. డాక్టరు మాట్లాడవచ్చంటే మొదటి మాట నాతో మాట్లాడాలి. అది తిట్టే అవుతుందని తెలుసు. ఆమె ఎంత గట్టిగా అనమంటే అంత గట్టిగా అను. సన్నగా మాత్రం వద్దు. వినడానికే వస్తున్నాను.