క్రోటన్ మొక్కల వెనక బెల్లం ముక్క

నాయనమ్మా,

నువ్వు పోయాక నేను సూదులమ్మనయ్యాను. గవర్నమెంటు నర్సుగా ఇంటింటికీ తిరిగి పిల్లలకు ఉచితంగా టీకాలు వేస్తున్నాను. నువ్వుంటే నన్నూ గుమ్మంలోంచే తరిమేదానివి.

ఇవాళ కడియం నర్సరీలో పనిచేసే ముసలావిడ, "మాకు చిన్నపిల్లలెవరూ లేరండి నర్సమ్మగారూ" అంది. నేను తిన్నగా క్రోటన్ మొక్కల వెనక్కి వెళ్లాను. సూదులవాళ్లొస్తే నన్ను నువ్వు దాచిపెట్టేది అలాంటి చోటే కదా! తడి గోనెపట్టా కింద ఆమె మనవరాలు కూర్చుని ఉంది, అరవకుండా ఉండేందుకు, అప్పట్లో నాకు లాగే, బుగ్గలో బెల్లం ముక్కతో.

సూది గుచ్చగానే కెవ్వుమంది. బెల్లం మట్టిలో పడింది. ముసలావిడ నాకేసి ఉరిమి చూసింది, అచ్చం నీలాగే. నా సంచిలోంచి ఇంకో ముక్క తీసి పిల్ల నోట్లో పెట్టాను.

టీకాలు సర్కారువి. బెల్లం మాత్రం నీది, నాయనమ్మా.