తమ్ముడి పేరు చెప్పి వద్దన్న ఉద్యోగం

అక్కా, నన్ను సాకుగా చూపించి, పీహెచ్‌డీ అయ్యాక వచ్చిన ఆ పోస్ట్‌డాక్ ఉద్యోగం వద్దనడం నువ్వు నాకు చేసిన అన్యాయం. దరఖాస్తులో ఇంటివాళ్ల నంబరు అడిగితే నేను పనిచేసే డెయిరీ నంబరు ఇచ్చావు చూడు, అక్కడే దొరికిపోయావు. ఈ ఉదయం ఆ ప్రయోగశాల పెద్దావిడ ఫోన్ చేసి, "తమ్ముణ్ణి ఒంటరిగా వదిలి రాలేనని మీ అక్కగారు రాశారు. ఒంట్లో ఎలా ఉంది బాబూ?" అని జాలిగా అడిగింది. అప్పుడు నేను మొండికేసిన ఆబోతును భుజంతో కొట్టంలోకి నెడుతున్నాను!

ఆవుల జన్యువులనూ, వాటితో బతికే మనుషుల జన్యువులనూ కలిపి పరిశోధించడానికి అంతమందిలో నిన్నొక్కదాన్నే ఎంచుకున్నారట. మా ఆవుల నెత్తురూ మా నెత్తురూ తీసి నువ్వు రాసిన థీసిస్సే అందుకు కారణమట. ఆ మాట కేకేసి చెబితే డెయిరీ అంతా ఈలలు వేసింది. "మన నెత్తురు గెలిచిందిరా!" అన్నాడు మేస్త్రీ. నువ్వేమో హాస్టల్ ఖాళీ చేసి, ఇంటికొచ్చి నాకు వండిపెడతావా? నాకు వంట వచ్చు. రానిది నీకే.

శుక్రవారం దాకా ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వనని ఆవిడ మాటిచ్చింది. ఉద్యోగంలో చేరడానికి వస్తున్నానని గురువారం సాయంత్రంలోగా ఆవిడకు రాసి, నాకు ఫోన్ చెయ్యి. లేదంటే శుక్రవారం పొద్దున్నే నీ పెట్టె నేనే మోసుకెళ్లి ఆ ప్రయోగశాల గుమ్మంలో దింపుతాను.