తుడుచుకోమని రాయలేదు

ఏమండీ,

ఫోనులో మాట్లాడేటప్పుడు అత్తయ్య పక్కనే ఉంటారు. అందుకే ఈ ఉత్తరం.

మీరు తయారుచేసిన రక్తపరీక్ష మిషను ఆసుపత్రి వరండాలో, ఊళ్లు తిరిగే వైద్యం బస్సులో, ఇంట్లో, ఎక్కడైనా ఒకేలా పనిచేయాలన్నారు. ఇంటి పరీక్షకి నన్ను పెట్టి, మీరు బస్సుతో ఊళ్ల మీదికి వెళ్లారు. నెలన్నరయింది. రోజూ పొద్దున్నే గిన్నెలు తోముతుంటే అత్తయ్య పిలుస్తారు. మీరు రాసిచ్చిన కాగితంలో ఉన్నట్టే చెయ్యి కడుక్కుని వేలు చాపుతాను. సూది, చుక్క, అంకె. రోజూ తొమ్మిదే.

"ఒంట్లో రక్తం లేనిదానివి, ఎక్కడికే బయల్దేరేది? దారిలో పడిపోతే నా కొడుక్కి ఏం చెప్పను?" అంటారు. అక్కకి ఈ వారంలోనే కాన్పు. తోడు ఎవరూ లేరు, రమ్మని రెండుసార్లు కబురు పెట్టింది. ఆ అంకె పదకొండు దాటితేగానీ నన్ను గడప దాటనివ్వరట. ఆవిడ మనసులో విషం లేదు. పాలగ్లాసు చేతికిచ్చి తాగేదాకా నిలబడతారు. తలుపు గొళ్లెం కూడా ప్రేమగానే పెడతారు.

సూది నొప్పి పెద్దదేం కాదు. మొన్న మీరు ఫోనులో "రోజూ తొమ్మిదే! మిషను భలే నిలకడగా ఉందే" అని సంబరపడ్డారు. ఆ తొమ్మిది నాదని మీకు తోచలేదా?

నోట్లో నాలుక లేని
మీ ఇల్లాలు


ఏమండీ,

మొన్న కుళాయిలో నీళ్లు రాలేదు. పొడిచేత్తోనే వేలు చాపాను. పన్నెండు!

"మిషను పాడైంది" అన్నారు అత్తయ్య. ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, "మీ వేలు ఇవ్వండి అత్తయ్యా" అన్నాను. నీళ్లు వచ్చాక ఆవిడా కడుక్కుని తడివేలే చాపారు. తొమ్మిదిన్నర.

"నాకు రక్తం తక్కువేమిటే? దున్నపోతులా ఉంటే!"

ఆవిడదే ఇంకో వేలు బాగా తుడిచి గుచ్చాను. పదమూడు.

ఆవిడ మీ కాగితం రెండుసార్లు చదివారు. "కడుక్కోమన్నాడు, తుడుచుకోమనలేదు వెధవ" అన్నారు. గొళ్లెం తీసి, నా సంచి ఆవిడే వీధి చివరిదాకా మోశారు.

మీ పనిగదిలో కుళాయి పక్కనే తువ్వాలు ఉంటుంది. మాకు రోజంతా తడిచేతులే. నెత్తుటి చుక్కలో నీళ్లు కలిస్తే పాపం మిషను ఏం చేస్తుంది? తుడుచుకోమని రాయండి. చదువు రానివాళ్ల కోసం బొమ్మ వేయండి. మీరు తిరిగిన చోట్ల తొమ్మిది వచ్చినవాళ్లని మళ్లీ పిలిచి చూడండి. వాళ్లనీ ఎవరో ఒకరు గదిలో పెట్టి ఉంటారు.

ఇది అక్క మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు.

రోజూ అంకె వేసుకునే మీ పట్టికలో ఈరోజు నా గడి ఖాళీ. రేపూ ఖాళీయే. ఎప్పుడొస్తానో, ఎలా ఉన్నానో, ఈసారి నన్నే అడగండి.

మీ ఇల్లాలు